అవ్లాకి రేవులో దొరసాని

గ్రీసులోని మా పెలినా దీవికి ఆ ఓడ మొదటిసారి వచ్చింది 1950లో, ఈస్టరుకి ముందు లాజరు శనివారం నాడు. దాని పేరు ఎవ్‌దోకియా. కొన్న యజమాని తన తల్లి పేరు పెట్టుకున్నాడట. మేం మాత్రం మొదటి రోజు నుంచీ దాన్ని దొరసాని అనే పిలిచాం. ఇంగ్లండులో పుట్టింది కదా! యుద్ధంలో నాలుగేళ్ళు జర్మన్ల జలాంతర్గాములను తరిమి తరిమి వేటాడింది. యుద్ధం అయిపోయాక ఇంగ్లీషువాళ్ళు అమ్మేస్తే, పిరేయస్ రేవులో ఫిరంగులు పీకేసి, తెల్లరంగు పూసి, బెంచీలు బిగించి జనాన్ని ఎక్కించారు. ముందువైపు ఫిరంగి నిలబెట్టిన గుండ్రటి గద్దె మాత్రం అలాగే ఉండిపోయింది. దానికి మేకల్ని కట్టేసేవాళ్ళు. వెనక బాంబుల్ని సముద్రంలోకి దొర్లించిన పట్టాల మీద టమాటా బుట్టలు పేర్చేవాళ్ళు.

మా దీవికి ఓడ ఆనుకునే గట్టు లేదు. ఓడ దూరంగా లంగరు వేస్తే ఒడ్డు నుంచి పడవలో వెళ్ళి మనుషుల్నీ సరుకునీ దింపుకోవాలి. ఆ పడవ మాది. మా నాన్న లినార్దోస్ చుక్కాని పట్టేవాడు. మా మామయ్య సిదెరిస్, అతని కొడుకులిద్దరూ తెడ్లు వేసేవాళ్ళు. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. నా పని ఆడవాళ్ళని పట్టుకోవడం. ఓడ పక్కన వేలాడే నిచ్చెన దగ్గర పడవ ఒక కెరటానికి చివరి మెట్టు దాకా లేస్తుంది, ఇంకో కెరటానికి నిలువెత్తు కిందికి దిగిపోతుంది. లేచినప్పుడు దూకాలి. దూకిన ఆడమనిషిని పరాయి మగాడు నడుం పట్టుకు ఆపాడంటే ఊళ్ళో వారం రోజులు అదే కబురు. అందుకని నాన్న నన్ను పెట్టాడు.

ఆ మొదటి రోజు గాలి లేదు. అయినా దొరసాని లంగరు మీద నిలబడి అటూ ఇటూ ఊగుతూనే ఉంది.

"చూడు బావా, తాగొచ్చింది!" అన్నాడు మామయ్య.

పైనుంచి రేకు బాకా పట్టుకుని కెప్టెన్ కేక వేశాడు. అనార్గిరోస్ ఆయన పేరు. పొట్టి మనిషి, మెడ కనపడదు. "ఏయ్ పడవా! ఇరవై నిమిషాలు! ఇరవై ఒకటో నిమిషం లంగరు ఎత్తేస్తా!"

మా నాన్న గొంతుకి బాకా అక్కర్లేదు. "గడియారం మనదా, ఇంగ్లీషోళ్ళదా కెప్టెన్?"

"ఓడదే! అదీ వాళ్ళే వదిలి వెళ్ళారు!"

"అయితే నమ్మొచ్చులే!"

ఓడంతా నవ్వింది. ఆ నవ్వుల మధ్యే కంపెనీ మనిషి ఒకడు తోలు సంచీ గుండెకి హత్తుకుని పడవలోకి దూకాడు. దూకడం కాదు, పడ్డాడు. ఊరి ప్రెసిడెంటు మార్కులిస్‌కి కాఫీ కొట్టు కూడా ఉంది. అక్కడే కూర్చోబెట్టి కాఫీ పోశారు. తలుపు బయట మేమంతా నిలబడ్డాం. కంపెనీ మనిషి సంగతి సూటిగా చెప్పాడు.

"సెప్టెంబరు దాకా చూస్తాం. ప్రతి శనివారం ఆగుతాం. మీ పడవ రాకపోయినా, వచ్చి మనుషుల్ని దింపలేకపోయినా ఒక తప్పు. మూడు తప్పులైతే మీ దీవి పేరు కొట్టేస్తాం. పక్క దీవులు అడుగుతున్నాయి."

ఆ మాట విని అమ్మ నా చెయ్యి పట్టుకుంది, గట్టిగా. ఆరేళ్ళ కిందట మా అక్క మరూసోకి పేగు వాచింది. సీరోస్ దీవిలోని ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. పరుపుతో సహా ఒడ్డుకి మోసుకొచ్చి, తెరచాప పడవ బయల్దేరడానికి గాలి ఎప్పుడు తగ్గుతుందా అని నాలుగు రోజులు కూర్చున్నాం. ఐదో రోజు గాలి తగ్గింది. అక్క లేదు. అంచేత ఓడ ఆగడం అంటే మిగతా ఊరికి ఉల్లిపాయలు అమ్ముకోవడం, పిల్లల్ని పెద్ద బడికి పంపుకోవడం. మా ఇంటికి వేరు.

ఏప్రిల్, మే నెలలు బాగానే జరిగిపోయాయి. జూన్‌లో ఒక శనివారం దక్షిణం నుంచి పొంగు వచ్చింది. పైకి సముద్రం నూనె పోసినట్టు నున్నగానే ఉంది, అడుగున ఊపు. పడవ నిచ్చెన కిందికి దూరిపోతుంటే నాన్న కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. ఓడ ఒక్క ఊపు ఊగింది. చప్పుడు నేను విన్నాను. నాన్న అరవలేదు. "తెడ్లు ఆపకండిరా," అన్నాడు, అంతే. రెండు వేళ్ళు నలిగిపోయాయి.

ఓడవాళ్ళు తాడు వేసి ఆయన్ని పైకి లాగేశారు. సీరోస్ ఆస్పత్రిలో దింపుతామని కెప్టెన్ చెప్పాడు. ఓడ కదులుతుంటే నాన్న కటకటాల మీదుగా వంగి నాతో కేక వేశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "అన్నేజో! మీ అమ్మతో చెప్పు! పడవని నీడకి లాగి పెట్టమను, ఎండకి చెక్క విచ్చుకుంటుంది!"

పై శనివారం చుక్కాని ఎవరు పట్టాలి? మామయ్య చేతులెత్తేశాడు. "తెడ్డు ఎంతసేపైనా వేస్తా. చుక్కాని నా వల్ల కాదు. అంతమంది ప్రాణాలు నా చేతిలో పెట్టకండి." మార్కులిస్ తన మేనల్లుణ్ణి పెడదామన్నాడు. వాడు పీతల కోసం తప్ప పడవెక్కి ఎరగడని ఇంకొకాయన అన్నాడు. వాడి తాత ఏం చేశాడో, వీడి తండ్రి ఏం చేశాడో తవ్వుకుంటూ కూర్చున్నారు. దొరసాని వచ్చింది. ఇరవై నిమిషాలు ఊగింది. కూత వేసి వెళ్ళిపోయింది. కాఫీ కొట్టులో ఇంకా తేలలేదు.

ఒక తప్పు.

ఆ సాయంత్రం అమ్మ ఇంటి మూలన ఆనించి ఉన్న చుక్కాని కర్ర తీసింది. నాన్న దాన్ని ఎప్పుడూ పడవలో వదిలేవాడు కాదు, ఇంటికి తెచ్చుకునేవాడు. అమ్మ దానికి కొవ్వు రాసి, గుడ్డతో తుడిచి, భుజాన వేసుకుని బయల్దేరింది. నేను వెనకే పరిగెత్తాను.

మా అమ్మ కాలియో సముద్రంలో పెరిగిన పిల్ల. తమ్ముడు మరీ పసివాడని మా తాత ఆమెనే వలలకి తీసుకెళ్ళేవాడు. పెళ్ళయ్యాక మానేసింది. మానేసిందని ఊరు అనుకునేది. జర్మన్లున్న రోజుల్లో తిండి లేక జనం పిట్టల్లా రాలిపోతుంటే నాక్సోస్ దీవి నుంచి బార్లీ బస్తాలు తెచ్చిన పడవని నడిపిందెవరో ఊళ్ళో అందరికీ తెలుసు. తిన్నారు, కానీ ఆ మాట పైకి అనేవాళ్ళు కాదు.

ఆడవాళ్ళు కాఫీ కొట్టు లోపలికి వెళ్ళరు. అమ్మ గడప మీద నిలబడింది.

"ఏంటమ్మా కాలియో, ఆ కర్ర ఎవర్ని కొట్టడానికి?" అన్నాడు మార్కులిస్.

"ఎవరు అడ్డమొస్తే వాళ్ళని, ప్రెసిడెంటు గారూ."

కొందరు నవ్వారు. ఆయన నవ్వలేదు.

"వచ్చే శనివారం చుక్కాని నేను పడతా," అంది అమ్మ. "మా తమ్ముడు తెడ్డు వేస్తానన్నాడు."

నిజానికి మామయ్య ఏమీ అనలేదు. కాఫీ కప్పు దించి అక్క మొహం చూసి, "అవునవును, అన్నాను," అన్నాడు.

"ఆడది చుక్కాని పట్టిందంటే చుట్టుపక్కల దీవుల్లో మన పరువేం కానమ్మా?"

"ఇవాళ ఇంతమంది మగాళ్ళు ఉండగానే ఓడ వెళ్ళిపోయింది. ఆ పరువు చాలదా?"

అమ్మ కర్ర మళ్ళీ భుజానికెత్తుకుని దిగిపోయింది. వారం రోజులూ పొద్దున్నే పడవ దింపి, మామయ్యనీ బావల్నీ చెమటలు కక్కేలా తిప్పింది. "నీ మొగుడే నయమే అక్కా," అని మామయ్య ఏడ్చేవాడు. "ఆయన వచ్చేదాకా ఏడుస్తూనే ఉండు, తెడ్డు మాత్రం ఆపకు," అనేది.

శనివారం దొరసాని లంగరు వేసింది. కెప్టెన్ బాకా ఎత్తాడు.

"ఏయ్ పడవా! పడవ మనిషి ఏడీ?"

"నేనే!"

"ఆటలొద్దమ్మా! నా మనుషుల్ని ఆడదాని చేతిలో పెట్టలేను!"

అమ్మ నల్ల తలగుడ్డ బిగించి కట్టుకుంది. పడవని కెరటం మీద కదలకుండా నిలబెట్టి, తల పైకెత్తి అంది. "మీరంతా ఆడదాని చేతిలోనేగా ఉన్నారు కెప్టెన్! ఎవ్‌దోకియా అని ఇంత అక్షరాలు రాసుకున్నారు కదా ఓడ మీద!"

కటకటాల దగ్గర జనం గొల్లుమన్నారు. ఓడ వంటవాడు గరిటె ఊపాడు. కెప్టెన్ బాకా దించేశాడు. ఆ రోజు పదకొండు మంది మనుషులు, రెండు గాడిదలు, ఒక కుట్టుమిషను, పధ్నాలుగు నిమిషాలు. ఎవరికీ చీలమండ కూడా తడవలేదు. మేం తిరిగి వస్తుంటే కెప్టెన్ గడియారం చూసుకుని మళ్ళీ బాకా ఎత్తాడు. ఏదో అంటాడనుకున్నాం.

"వచ్చే శనివారం!" అన్నాడు.

జులై మొదట్లో నాన్న అదే ఓడలో వచ్చాడు. కుడిచేతికి రెండు వేళ్ళు లేవు, మిగతావి ఇంకా మూసుకోవడం లేదు. నిచ్చెన చివర నిలబడి, తన పడవలోకి తనే ప్రయాణికుడిలా దూకాడు. నేను చెయ్యి అందించాను, పట్టుకోలేదు. మామయ్య పక్కన కూర్చున్నాడు. కాసేపు సముద్రం చూశాడు.

"ఎడమ పక్క కెరటం చూసుకో," అన్నాడు.

"చూశా," అంది అమ్మ.



ఆ నెలంతా నాన్న కాఫీ కొట్టు మొహం చూడలేదు. పెరట్లో ఎడంచేత్తో వలలు కట్టుకుంటూ కూర్చునేవాడు. ముడి జారిపోయేది, మళ్ళీ కట్టేవాడు. ఒకరోజు అన్నం దగ్గర ఉన్నట్టుండి అన్నాడు, "చెయ్యి మానాక చుక్కాని నేనే పడతా."

"పట్టు. నేనేమైనా ఎత్తుకుపోతున్నానా?" అంది అమ్మ. పప్పు ఇంకో గరిటె వేసింది. ఆయన రొట్టె ముక్క కుడిచేత్తో పట్టుకోబోయాడు, అది జారి పళ్ళెంలో పడింది. ఇద్దరూ చూడనట్టే ఊరుకున్నారు.

జులై చివర మెల్తెమి మొదలైంది. ఉత్తరం నుంచి వేసవి కాలమంతా కొట్టే గాలి అది. ఆకాశంలో మబ్బు తునక ఉండదు, సముద్రం మాత్రం తెల్లగా ఉడుకుతుంది. మా రేవు ఉత్తరానికే తెరుచుకుని ఉంటుంది. నెలాఖరు శనివారం పడవని నీళ్ళలోకి దింపడమే కుదరలేదు. రెండుసార్లు దింపితే రెండుసార్లూ ఒడ్డుకే విసిరేసింది. దొరసాని వచ్చి, కాసేపు ఎదురుచూసి, వెళ్ళిపోయింది. అది కొండ మలుపు దాటేదాకా అమ్మ మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడే ఉంది.

"మరూసో ఇలాగే చూస్తూ పడుకునేది," అంది.

రెండు తప్పులు.

ఆగస్టు పదిహేను మేరీమాత పండుగ. పిరేయస్‌లో పనులు చేసుకునే మా వాళ్ళంతా ఆ పండక్కి ఊరికొస్తారు. పన్నెండో తేదీ శనివారం ఓడలో డెబ్బైమంది మావాళ్ళే వస్తున్నారని తంతి వచ్చింది. శుక్రవారం నుంచే గాలి లేచింది. శనివారం మధ్యాహ్నానికి ఊరంతా ఒడ్డున ఉంది. ఎవరి తలగుడ్డ వాళ్ళు రెండు చేతులతో పట్టుకున్నారు. మార్కులిస్ ముసలి తల్లి కూడా ఓడలోనే ఉంది, కళ్ళ ఆపరేషన్ చేయించుకుని వస్తోంది.

అమ్మ చాలాసేపు నీళ్ళకేసి చూసింది. "పడవ ఓడ దాకా పోతుంది. కానీ ముసలివాళ్ళనీ పిల్లల్నీ ఇక్కడ దింపలేం. అవ్లాకిలో దింపాలి," అంది.

అవ్లాకి దీవికి దక్షిణాన, కొండ చాటున ఉన్న ఇరుకు రేవు. చేపల పడవలు తప్ప ఏవీ పోవు. దాని నోటి దగ్గర నీళ్ళ కింద ఒక బండ ఉంది. దాన్ని ముసలిది అంటారు. పైకి కనపడదు, రెండు బారల లోతున పడుకుని ఉంటుంది. దొరసాని అడుగు రెండున్నర బారలు దిగుతుంది.

"నీకు పిచ్చా?" అన్నాడు నాన్న. "అంత ఓడ అవ్లాకిలోకా? ముసలిది పొట్ట చీల్చేస్తుంది."

"ముసలిదానికీ కొండకీ మధ్య దారుంది. నేనూ మా నాన్నా వలలు లాగిన చోటు."

"దూరిందే అనుకో. లోపల తిరగాలి కదా, తిరిగే చోటేదీ?"

"నాలుగు నెలలుగా చూస్తున్నానయ్యా దాన్ని. తోక పట్టుకోబోయే పిల్లిలాగ ఉన్న చోటే తిరుగుతుంది. ఇంత ఓడ అలా తిరగడం నేనెక్కడా చూళ్ళేదు."

నాన్న పడవ దగ్గరికి నడిచి, ముందు భాగంలో ఎక్కి కూర్చున్నాడు. వేళ్ళు పోయాక ఆయన తనంతట తను ఆ పడవెక్కడం అదే మొదటిసారి.

ఓడ దాకా వెళ్ళడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలీదు. నీళ్ళు తోడి పారబోయడమే నాకు గుర్తు. తోడినంతా మళ్ళీ వచ్చి పడేది. దగ్గరికి వెళ్ళి తలెత్తితే కటకటాల పొడుగునా మా ఊరి మొహాలే. కొందరు ఏడుస్తున్నారు, కొందరు కక్కుకుంటున్నారు. కెప్టెన్ బాకాలో అరుస్తున్నాడు.

"వెళ్ళిపోండి! ఇవాళ కుదరదు! సాంతోరిని దీవిలో దింపేస్తా!"

అమ్మ ఏదో అరిచింది. గాలి ఎత్తుకుపోయింది. అప్పుడు నాన్న లేచి నిలబడ్డాడు. ఆ గొంతు ముందు గాలి ఏపాటి!

"అవ్లాకి! దీవి వెనక్కి రండి! అక్కడ గాలి లేదు!"

"నా పటంలో అక్కడ లోతులే లేవు! తెల్లకాగితం!"

"మాకు తెలుసు!"

కెప్టెన్ బాకా నాన్న వైపు తిప్పాడు. "అయితే పైకి రా లినార్దోస్! నువ్వే దారి చూపించు!"

నాన్న పైకి చూశాడు. డెబ్బైమంది ఊరివాళ్ళు ఆయన్నే చూస్తున్నారు.

"నాకు తెలీదు కెప్టెన్!" అన్నాడు. "తెలిసింది మా ఆవిడకి!"

అనేసి, మామయ్య మీదుగా, బావల మీదుగా పడవ వెనక్కి వచ్చాడు. అమ్మ పక్కన కూర్చుని ఎడంచెయ్యి కర్ర మీద వేశాడు. అమ్మ తన చెయ్యి తీసింది.

"వెళ్ళు," అన్నాడు. "పడవని నేను చూసుకుంటా."

పైనుంచి తాళ్ళ నిచ్చెన పడింది. అమ్మ చెప్పులు వదిలేసింది. "నువ్వూ రావే," అంది నాతో. "దూరం చూపు నాకు ఆనడం లేదు."

ఇద్దరం ఎక్కాం. మా పడవని దొరసాని తోకకి తాడుతో కట్టారు. పై అంతస్తులో చుక్కాని గది. ఇత్తడి గొట్టాలు, ఇంగ్లీషు అక్షరాల పలకలు. అమ్మ వాటి వంక చూడనైనా చూడలేదు. తడి పరికిణీతో, ఉత్తకాళ్ళతో కిటికీ ముందు నిలబడింది. ఆమె కింద చిన్న నీటి మడుగు కట్టింది. చక్రం పట్టుకున్న నావికుడు కెప్టెన్ మొహం చూశాడు. "ఆవిడ చెప్పినట్టు," అన్నాడు కెప్టెన్.

దీవి చుట్టూ తిరిగి దక్షిణానికి వచ్చేసరికి కెరటాలు అణిగిపోయాయి. కానీ కొండ మీదనుంచి గాలి దెబ్బలు దెబ్బలుగా దిగుతోంది. అవ్లాకి నోరు ముందుకి వచ్చింది. ఓడ మీదనుంచి చూస్తే సూది బెజ్జంలా ఉంది.

"మెల్లగా," అంది అమ్మ. "అన్నేజో, సోజోన్ చర్చి గుమ్మటం కనపడుతోందా?"

"కనపడుతోంది."

"దాని కింద ఎర్రబండ. గుమ్మటం ఎర్రబండ నెత్తిన కూర్చోగానే చెప్పు. ముందూ కాదు, తరవాతా కాదు."

నేను రెప్ప వెయ్యలేదు. గుమ్మటం మెల్లగా జరుగుతోంది. అబద్ధం ఎందుకు, ఆ క్షణంలో ఊరంతా నా కళ్ళలో పడినట్టే అనిపించింది.

"ఇప్పుడమ్మా!"

"కుడికి. ఇంకొంచెం. చాలు, అలాగే ఉంచండి."

ఎడమవైపు నీళ్ళలో ముదురాకుపచ్చ మచ్చ ఒకటి మా పక్కనుంచి జారిపోయింది. ముసలిది. నాచు కదలడం కూడా కనపడింది. కుడివైపు కొండ ఎంత దగ్గరంటే దాని పొదల్లో చిక్కుకున్న మేక బొచ్చు కనపడింది. చక్రం దగ్గరి నావికుడు పెదవులు కదుపుతూ ప్రార్థన చేసుకుంటున్నాడు. అమ్మ కెప్టెన్ని దగ్గరికి పిలిచి ఎక్కడెక్కడ ఎన్ని బారలుందో చెబుతూనే ఉంది. గాలి హోరులో ఆయన తల ఊపుతూ వింటున్నాడు.

"ఇక తిప్పండి," అంది అమ్మ. "సగం సగం కాదు. మొత్తం."

కెప్టెన్ గొట్టంలో నోరు పెట్టి కింద మిషన్లవాళ్ళకి కేక వేశాడు. "పూర్తిగా ఎడమకి!" అని నావికుడి భుజం చరిచాడు.

దొరసాని ఒక పక్కకి ఒరిగింది. మేకలు గోలపెట్టాయి. టమాటాలు బుట్టల్లోంచి ఒలికి కటకటాల కిందనుంచి సముద్రంలోకి రాలాయి. కొండ, ఒడ్డు, చర్చి, ఒడ్డున గాడిదలతో పరిగెత్తుకొస్తున్న జనం అన్నీ మా కిటికీ ముందునుంచి రంగులరాట్నంలా తిరిగిపోయాయి. ఆగేసరికి ఓడ ముందు మళ్ళీ సముద్రం ఉంది. వచ్చిన దారికి ఎదురుగా నిలబడి ఉన్నాం. లంగరు గొలుసు గలగలమని దిగింది.

కెప్టెన్ టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు.

"యుద్ధంలో దీని తోడబుట్టిన ఓడలో పనిచేశాను, అలెగ్జాండ్రియా దగ్గర," అన్నాడు. "జలాంతర్గామి వెంట ఇలా తిప్పేవాళ్ళం. మళ్ళీ ఇలా తిప్పి ఏడేళ్ళయింది." ఓడ గోడ మీద అరచెయ్యి వేశాడు, గుర్రాన్ని నిమిరినట్టు. "ఈ ముండ ఏదీ మర్చిపోలేదు."

"మాకెన్ని నిమిషాలున్నాయి?" అంది అమ్మ.

ఆయన నవ్వాడు. "మీకెన్ని కావాలంటే అన్ని, కాలియో గారూ."

ఏడుసార్లు పడవ తిరిగింది. డెబ్బైమందినీ దింపాం. నాన్నా అమ్మా మార్చి మార్చి చుక్కాని పట్టారు. ఎవరిది ఏ తిరుగుడో ఎవరూ లెక్కపెట్టలేదు. ఆఖరున కళ్ళకి పట్టీతో ఉన్న మార్కులిస్ తల్లిని నేను ఎత్తుకుని దింపాను. మార్కులిస్ నీళ్ళలోకి దిగి వచ్చి, బూట్లు తడుస్తున్నా చూసుకోకుండా తల్లిని అందుకున్నాడు.

"ఎవర్రా మమ్మల్ని ఒడ్డుకి చేర్చింది?" అని అడిగింది ముసలావిడ.

"కాలియో," అన్నాడు ఆయన. కాస్త గట్టిగానే, చుట్టుపక్కలవాళ్ళకి వినపడేలా.

ఆ ఏడాది పండుగలో డెబ్బైమంది డెబ్బై రకాలుగా చెప్పారు ఆ కథ. నాలుగో రోజుకి కథలో ఓడ రెండుసార్లు తిరిగింది, ముసలిదాన్ని గీసుకుంటూ పోయింది. నాన్న మళ్ళీ కాఫీ కొట్టుకి వెళ్ళడం మొదలుపెట్టాడు. ఎవరైనా "ఏం లినార్దోస్, ఇంట్లో కెప్టెన్ ఎవరు?" అని ఎగతాళి చేస్తే, "మీ ఇంట్లో ఎవరో మీ ఆవిడ్ని అడిగి చెప్పు, తరవాత నాది చెబుతా," అనేవాడు.

సెప్టెంబరు చివరి శనివారం కంపెనీ మనిషి దిగాడు, ఈసారి కాళ్ళ మీదే నిలబడ్డాడు. చలికాలంలోనూ పదిహేను రోజులకోసారి ఓడ ఆగుతుందని కాగితం ఇచ్చాడు. ఉత్తరపు గాలి ఉన్న రోజు అవ్లాకిలో అని అందులో రాసి ఉంది. పడవ మనిషి పేరు దగ్గర ఖాళీ వదిలాడు. నాన్న నా చేతికి కలం ఇచ్చి, "ఇద్దరివీ రాయి," అన్నాడు. "ముందు మీ అమ్మది."

ఆ రోజు కెప్టెన్ అనార్గిరోస్ కూడా మొదటిసారి మా నేల మీద కాలు పెట్టాడు. మా ఇంట్లోనే భోజనం. అమ్మ చేపల పులుసు కాచింది. ఆయన మూడు గిన్నెలు తాగి, రొట్టెతో గిన్నె అడుగు తుడిచి, వెంట తెచ్చిన గొట్టంలోంచి సముద్రపు పటం తీసి బల్ల మీద పరిచాడు. చివరలు లేవకుండా నాన్న ఒక పక్క సారా సీసా, ఇంకో పక్క ఆలివుల పళ్ళెం పెట్టాడు. మా దీవి దక్షిణాన, ఇంతకుముందు ఏమీ లేనిచోట, పెన్సిలుతో చిన్న చిన్న అంకెలు. వాటి పక్కన రెండు మాటలు.

"ఏం రాశాడే?" అంది అమ్మ. ఆమెకి చదువు రాదు.

"కాలియో దారి అని రాశారమ్మా."

అమ్మ చేతులు పరికిణీకి తుడుచుకుంది. ఒకసారి తుడుచుకున్న చేతుల్నే మళ్ళీ తుడుచుకుంది. "ఆ అంకెలేంటి?"

"లోతులు. నువ్వు చెప్పినవే. ఇక్కడ ఏడు బారలు, ఇక్కడ ఐదు. ముసలిదాని పక్కన, మనం దాటినచోట, మూడున్నర."

"మూడున్నర కాదు. మూడు."

"మూడున్నర అనే విన్నానే," అన్నాడు కెప్టెన్.

"ఆ గాలిలో ఏం విన్నారో. మూడే. నా పేరు పెట్టి అర బార అబద్ధం రాస్తారా? రేపు ఎవడైనా నమ్మి నాలుగు వేళ్ళు ఎక్కువ దిగే ఓడ తెస్తే?"

కెప్టెన్ పటం మీదకి వంగాడు. పెదవులు కదుపుతూ ఏదో కూడుకున్నాడు, తీసేసుకున్నాడు.

"అంటే... నా ఓడ రెండున్నర. ఆ రోజు మన అడుగున ఉన్నది అర బారేనా?"

"చాల్లేదా?" అంది అమ్మ. "దాటామా లేదా?"

నాన్న నవ్వాడు. జూన్ తరవాత ఆ నవ్వు మళ్ళీ వినడం అదే. గిన్నెలు అదిరాయి. కెప్టెన్ మాత్రం నవ్వలేదు. రొట్టె మెత్తటి భాగం కొంచెం తుంచి, ఉండ చేసి, ఆ అంకెని ఒద్దికగా చెరిపాడు. పెన్సిలు నాలిక మీద తడుపుకుని మళ్ళీ రాశాడు. అమ్మ ఆయన భుజం మీదుగా వంగి, తను చదవలేని ఆ అంకె వంక కాసేపు చూసింది.

"ఆఁ," అంది. "ఇప్పుడు సరిగ్గా ఉంది."